నూటికి 1.7: నాలుగు బోర్డుల మార్కులు ఒకే వరుసలో పెట్టబోయిన కేసు

2024 ఆగస్టు చివరి వారం. చెన్నై టీ నగర్‌లో, పానగల్ పార్కుకి రెండు వీధుల అవతల ఒక తెలుగు ట్రస్టు ఆఫీసు. సెక్రటరీ గారు బ్యాంకులో రిటైరైన మనిషి. కాఫీ ఇంకా రాకముందే ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి ఎక్సెల్ షీటు చూపించారు. నలుగురు పిల్లలు, పక్కన శాతాలు, పెద్దది పైన, చిన్నది కింద. అట్టడుగు వరుసలో 1.7 అని ఉంది.

"ఈ పిల్ల జర్మనీలో చదివిందటమ్మా. నూటికి 1.7 వచ్చి కూడా స్కాలర్‌షిప్‌కి పెట్టిందంటే గట్టి పిల్లే" అన్నారు.

ఆయన వేళాకోళానికి అనలేదు. షీటులో 'శాతం' అనే గడి ఉంది, సర్టిఫికెట్ మీద 1.7 అని ఉంది, క్లర్కు దాన్ని దీంట్లో వేశాడు. జర్మనీలో 1.0 అంటే అన్నిటికన్నా పై గ్రేడు, 4.0 అంటే బొటాబొటి పాసు అని అతనికి ఎవరు చెప్పారు గనక?

విదేశీ మార్కుల జాబితాలు చదవడమే నా పని. నుంగంబాక్కంలో చిన్న ఆఫీసు. ఇక్కడి పిల్లలు బయటికి వెళ్లేటప్పుడు మన మార్కులు వాళ్లకి అర్థమయ్యేలా రాసిస్తాను, బయట చదివినవాళ్లు తిరిగొస్తే ఆ మార్కులు ఇక్కడివాళ్లకి అర్థమయ్యేలా రాసిస్తాను. ఈ ట్రస్టుకి రెండేళ్ల ముందు కూడా ఒకసారి చేసిపెట్టాను. ఆ సంగతి చివర్లో చెప్తాను, చెప్పక తప్పదు కాబట్టి.

ట్రస్టు రూలు ఒక్క ముక్క: ప్లస్ టూలో 85 శాతం దాటాలి, దాటినవాళ్లలో ఎక్కువ వచ్చిన ఇద్దరికి డిగ్రీ అయ్యేదాకా ఏడాదికి 60 వేలు. అప్లికేషన్లన్నీ పెరంబూర్ నుంచో షావుకారుపేట నుంచో వచ్చే రోజుల్లో రాసుకున్న రూలు. అందరిదీ ఒకే బోర్డు, ఒకే పేపరు. అప్పట్లో అది మంచి రూలే.

నాలుగు ఫైళ్లు

మొదటిది నెల్లూరు జిల్లా అమ్మాయిది. ఇంటర్ ఎంపీసీ, 1000కి 962. నాన్న కౌలు రైతు, అమ్మాయికి చెన్నైలో సీటొచ్చింది. రెండోది పెరంబూర్ అబ్బాయిది. తమిళనాడు ప్లస్ టూ, 600కి 561. అంటే 93.5 శాతం. మూడోది దుబాయ్‌లో కేంబ్రిడ్జ్ ఏ లెవెల్స్, అంటే బ్రిటిష్ పద్ధతిలో మన ప్లస్ టూ లాంటి పరీక్ష, రాసిన అబ్బాయిది. గణితంలో ఏ స్టార్, ఫిజిక్స్‌లో ఏ, కెమిస్ట్రీలో బీ. నాన్న ఉద్యోగం పోయి కుటుంబం చెన్నై వచ్చేసింది. నాలుగోది మన 1.7 అమ్మాయి. నాన్న స్టుట్‌గార్ట్‌లో ఇంజనీరు, ఈ ఏడాదే తిరిగొచ్చి వేళచ్చేరిలో ఉంటున్నారు. ఆమె రాసింది ఆబిటూర్, అంటే జర్మనీ వాళ్ల బడి చివరి పరీక్ష.

దుబాయ్ అబ్బాయి ఫలితాల కాగితం మీద గ్రేడ్ల పక్కన అంకెలు కూడా ఉన్నాయి: 93, 84, 75. సగటు 84. క్లర్కు అదే వేశాడు. ఒక్క మార్కు తేడాతో 85 గీత కింద పడ్డాడు. కానీ అవి పేపర్లో వచ్చిన మార్కులు కావు. కేంబ్రిడ్జ్ వాళ్లు ముందు గ్రేడు ఖాయం చేసి, తర్వాత దాన్ని ఒక సర్దిన స్కేలు మీదికి తెస్తారు. ఆ స్కేలులో 80 నుంచి 89 దాకా ఏ, 90 ఆపైన ఏ స్టార్. పేపర్లో నిజంగా ఎన్ని వస్తే ఏ గ్రేడు అన్నది ప్రతి పరీక్షకీ మారుతుంది. 2019లో బ్రిటన్‌లో ఎడెక్సెల్ బోర్డు ఏ లెవెల్ గణితంలో 300కి 165 తెచ్చుకున్నవాళ్లకి ఏ వచ్చింది. 55 శాతం! మన దగ్గర 55 శాతం తెచ్చుకున్న పిల్లాడి ఇంట్లో ఆ రాత్రి అన్నం వండరు.

మొదటి మందు పనిచెయ్యలేదు

ఇలాంటప్పుడు మా వృత్తిలో చెయ్యి ముందు పోయేది 'సవరించిన బవేరియన్ సూత్రం' మీదికి. జర్మన్ యూనివర్సిటీలు విదేశీ మార్కుల్ని తమ గ్రేడుగా మార్చుకోడానికి వాడేది అదే. గరిష్ఠ మార్కులోంచి వచ్చిన మార్కు తీసేసి, ఆ తేడాని గరిష్ఠానికీ పాసు మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. నెల్లూరు అమ్మాయికి వేస్తే 38ని 650తో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలిపితే 1.18 దాకా వస్తుంది. పెరంబూర్ అబ్బాయికి 1.3.

నేను దాన్ని తిరగేశాను. 1.7ని మన శాతంలోకి తెస్తే 84.8 వచ్చింది. 85 గీతకి 0.2 తక్కువ.

సెక్రటరీ గారు "పోనీలే అమ్మా, 1.7 నుంచి 84.8కి తెచ్చావు, అదే పదివేలు" అన్నారు. నాకు మాత్రం అక్కడే అనుమానం పట్టుకుంది. ఆ 84.8 ఎక్కణ్ణుంచి వచ్చింది? పాసు మార్కు 35 అని నేను వేసుకోబట్టి. సీబీఎస్ఈ లాగా 33 వేస్తే 84.4 వస్తుంది. ఏ బోర్డైనా 40 పెట్టుకుని ఉంటే 86 వచ్చి గీత దాటేసేది. అమ్మాయి చదివింది స్టుట్‌గార్ట్‌లో, రాసిన పేపర్లు అవే, వచ్చిన గ్రేడూ అదే. ఆమె అర్హత మాత్రం మన ఊళ్లో ఫెయిలయ్యేవాడికి గీసిన గీత మీద ఆధారపడుతోంది. ఫెయిలయ్యేవాడికీ ఈ అమ్మాయికీ ఏం సంబంధం?

సూత్రం తప్పని అనడం లేదు. జర్మన్ యూనివర్సిటీకి ప్రపంచంలో నలుమూలల నుంచీ వేల అప్లికేషన్లు వస్తాయి, అందరికీ ఒకే కొలబద్ద కావాలి, అక్కడ అది పనికొస్తుంది. కానీ దాని లోపల ఒక నమ్మకం దాగి ఉంది: పాసు నుంచి గరిష్ఠం దాకా పిల్లలు అన్ని దేశాల్లోనూ ఒకే తీరుగా పరుచుకుని ఉంటారని. ఉండరు. ఇంటర్‌లో పై మెట్ల మీద కిక్కిరిసి నిలబడతారు. ఆబిటూర్‌లో మధ్య మెట్ల మీద ఎక్కువమంది ఉంటారు, అక్కడ దేశం మొత్తం సగటు 2.3 చుట్టూ తిరుగుతుంది.

సర్టిఫికెట్‌లో ఇంకో అంకె కూడా ఉంది: 900కి 705 పాయింట్లు. క్లర్కు కంటికి అది ఆని ఉంటే 78.3 అని వేసేవాడు. అంటే ఒక్క అమ్మాయికి ఒకే సర్టిఫికెట్ నుంచి మూడు శాతాలు: 1.7, 78.3, 84.8. ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ పనికొచ్చేదీ కాదు.

మార్కు దేంతో చేసింది

అందుకని అంకె వదిలేసి, అది దేంతో తయారైందో ఒక్కొక్క ఫైలూ విప్పి చూశాను. నా మటుకు ఈ పనిలో రుచి ఉన్న భాగం ఇదే.

ఆబిటూర్‌లో ఆ 900లో 600 చివరి రెండేళ్ల తరగతి పనికి. నాలుగు అర్ధ సంవత్సరాల్లో తీసుకున్న కోర్సులకి ఒక్కొక్కదానికి 0 నుంచి 15 దాకా పాయింట్లు ఇస్తారు. చివరి పరీక్షలకి 300 మాత్రమే. కొన్ని పేపర్లు నాలుగైదు గంటలు సాగుతాయి, నోటి పరీక్ష కూడా ఉంటుంది. 823 వస్తే 1.0. అంటే అందరికన్నా పై గ్రేడుకి కూడా 900కి 900 అక్కర్లేదు, 91 శాతం చాలు. 697 నుంచి 714 దాకా 1.7.

ఇంటర్ ఇందుకు పూర్తిగా ఎదురు. తరగతి పనికి విలువ లేదు, రెండేళ్ల పబ్లిక్ పరీక్షలే అన్నీ. ఆమె రాసినప్పుడు మొదటి ఏడు 470, రెండో ఏడు ప్రాక్టికల్స్‌తో కలిపి 530. ఈ వెయ్యిలో 400 భాషలవే. నెల్లూరు అమ్మాయికి ఇంగ్లీషులో 190, సంస్కృతంలో 197. తెలుగు వాళ్లకి ఈ సంస్కృతం కథ విప్పి చెప్పక్కర్లేదు. కాళిదాసు మీద ప్రేమతో ఎవరూ తీసుకోరు. నాకూ అప్పట్లో వందకి 96 వచ్చాయి, ఈ రోజు ఒక శ్లోకం కూడా పూర్తిగా రాదు. భాషలు తీసేస్తే ఆమె గ్రూపు సబ్జెక్టుల్లో 600కి 575, అంటే 95.8. నిజంగా మంచి మార్కే. భాషలు మార్కులు పెంచాయన్న అనుమానం ఈమె విషయంలో నిలబడలేదు.

పెరంబూర్ అబ్బాయి రెండో భాష ఫ్రెంచి. "తెలుగు తీసుకోలేదేం నాన్నా?" అని సెక్రటరీ గారు అడిగితే "స్కోరింగ్ కాదు అంకుల్" అన్నాడట. తెలుగు ట్రస్టులో ఆ మాట కాసేపు నలిగింది. కేసుకి సంబంధం లేదు, వదిలేస్తున్నా.

దుబాయ్ అబ్బాయి చదివినవి మూడే సబ్జెక్టులు, భాష ఒక్కటీ లేదు. బ్రిటన్‌లో 2024లో వచ్చిన ఏ లెవెల్ గ్రేడ్లన్నిట్లో ఏ స్టార్ 9.3 శాతం, ఏ స్టార్, ఏ కలిపి 27.8 శాతం. అది గ్రేడ్ల లెక్క, మనుషుల లెక్క కాదు, పైగా అతను రాసింది కేంబ్రిడ్జ్ అంతర్జాతీయ పరీక్ష. అయినా ఒక అందాజుకి పనికొస్తుంది. ఏడాది కూడా చూసుకోవాలి. కరోనా ఏళ్లలో పరీక్షలు లేక టీచర్లు గ్రేడ్లు ఇచ్చినప్పుడు అదే 27.8, 2021లో 44.8 ఉంది. మూడేళ్లలో పిల్లల తెలివి అంత తగ్గిపోలేదు కదా.

ఒక దేశం లోపలే కుదరని పని

ట్రస్టీల్లో ఒకాయన "మన దేశంలో మార్కులు మనం పోల్చుకోగలుగుతున్నాం, విదేశాలవే తంటా" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

తమిళనాడు ఇంజనీరింగ్ అడ్మిషన్లలో ఒక పద్ధతి ఉంది. వేరే బోర్డు పిల్లల మార్కుల్ని సబ్జెక్టువారీగా సాగదీస్తారు. ఫిజిక్స్‌లో రాష్ట్ర బోర్డు అత్యధికం 100, ఇంకో బోర్డు అత్యధికం 90 అనుకుంటే, ఆ 90ని 100 చేస్తారు, అక్కడ 60 వచ్చినవాడికి 66.67 వేస్తారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ బోర్డు మొత్తంలో ఒక్కడికి 100 వస్తే చాలు, సాగదీత ఆగిపోతుంది. ఒక్క పిల్లాడి మార్కు లక్షలమంది మార్కుల్ని శాసిస్తుంది. నెల్లూరు అమ్మాయికి దీనివల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. జర్మనీ అమ్మాయి విషయంలోనైతే ఈ పద్ధతిని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలీదు.

2013లో ఐఐటీలు ఇంకో దారి పట్టాయి. శాతం కాదు, నీ బోర్డులో పాసైనవాళ్లలో నువ్వు పై 20 పర్సెంటైల్‌లో, అంటే పై ఐదో వంతులో, ఉన్నావా అని అడిగాయి. ఆ ఏడాది ఆ గీత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బోర్డులో 90 శాతం పైన పడింది, సీబీఎస్ఈలో 80 లోపే పడింది. ఒకే మెట్టు, రెండు ఎత్తులు. విజయవాడలో 88 తెచ్చుకున్నవాడు గీత కింద, ఢిల్లీలో 80 తెచ్చుకున్నవాడు గీత పైన. నేను బవేరియన్ సూత్రాన్ని పక్కన పెట్టింది ఈ ఉదాహరణ గుర్తొచ్చాకే.

జర్మనీ వాళ్ల ఇంట్లోనూ ఇదే గొడవ. పదహారు రాష్ట్రాలు, ఎవరి ఆబిటూర్ వాళ్లది. మెడిసిన్ సీట్ల కేసులో 2017 డిసెంబరు 19న వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం ఒక రాష్ట్రం గ్రేడుని ఇంకో రాష్ట్రం గ్రేడుతో నేరుగా పోల్చడానికి వీల్లేదని, యూనివర్సిటీలు పెట్టే ఎంపికలో ఆ తేడాని సర్దాల్సిందేనని తేల్చింది. ఇప్పుడు మెడిసిన్‌కి ఆబిటూర్ కోటాలో ఎవరి రాష్ట్రంలో వాళ్లు ఎన్నో స్థానంలో ఉన్నారో లెక్కేసి పోలుస్తారు. ఇది చెప్పగానే సెక్రటరీ గారి మొహం విప్పారింది. "అంటే మన ఆంధ్రా ఇంటర్, అరవం ప్లస్ టూ గొడవే వాళ్లకీనా!" ఆ మీటింగులో ఆయనకి విషయం పట్టుబడింది ఆ క్షణంలోనే.

రిపోర్టులో ఏం రాశాను

నాలుగు పేజీలు రాసి, మూడు కొట్టేసి, ఒక పేజీ ఇచ్చాను. అందులో శాతం అన్న మాట లేదు. ఒక్కో అభ్యర్థికి మూడు విషయాలు రాశాను: ఈ మార్కు తన సొంత ఊళ్లో ఎంత అరుదు, ఆ పరీక్ష ఎవరు రాస్తారు, ఇందులో ఏముంది ఏం లేదు.

జర్మనీ అమ్మాయి తన తోటివాళ్లలో పై నాలుగో వంతులో ఉంటుంది. పైగా ఆ తోటివాళ్లు అప్పటికే జల్లెడ పట్టినవాళ్లు. అక్కడ చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయ్యాకే పిల్లల్ని వేర్వేరు రకాల బడులకు విడదీస్తారు, ఆబిటూర్ దాకా అందరూ రారు. దుబాయ్ అబ్బాయి కూడా అటూ ఇటూగా అదే మెట్టు. మన ఇంటర్‌లో పై 20 పర్సెంటైల్ గీత 90 పైన ఉండే సంగతి చూసుకుంటే, 85 అనే ట్రస్టు గీత అసలు పై నాలుగో వంతు గీత కూడా కాదు, ఇంకా కిందది. కాబట్టి నలుగురూ దాటినట్టే. నెల్లూరు అమ్మాయి మిగతావాళ్ల కన్నా ఒక మెట్టు పైన ఉండొచ్చు. మిగిలిన ముగ్గురిలో ఎవరు ముందు అన్నది ఈ కాగితాలతో తేలదు. ఈ చివరి వాక్యాన్ని లావు అక్షరాల్లో పెట్టాను.

ట్రస్టీలకి అది నచ్చలేదు. డబ్బిచ్చి పిలిపించుకున్న మనిషి "తేలదు" అని రాసిస్తే ఎవరికి మాత్రం నచ్చుతుంది? ఒకాయన "పోనీ దశాంశం దాకా ఏదో ఒక అంకె ఇవ్వండమ్మా, మేం చూసుకుంటాం" అని బతిమాలారు. ఇవ్వగలను. ఎక్సెల్ ఎన్ని దశాంశాలు అడిగితే అన్ని ఇస్తుంది. కానీ ఆ అంకె బయటికి పోయాక దాని వెనక నా అనుమానాలు పోవు, అంకె ఒక్కటే పోతుంది.

నలుగురికీ కలిపి ముప్పావుగంట లెక్కల పేపరు పెడదామన్నాను. "పిల్లలకి మళ్లీ పరీక్షా? వద్దమ్మా" అన్నారు సెక్రటరీ గారు. మూడు గంటల తర్వాత రూలు మార్చారు: గీత దాటినవాళ్లందరూ సమానం, అక్కణ్ణుంచి ఇంటి ఆదాయం చూడాలి. నెల్లూరు అమ్మాయికి, దుబాయ్ నుంచి వచ్చిన అబ్బాయికి ఇచ్చారు. జర్మనీ అమ్మాయికి వెళ్లిన ఉత్తరంలో అర్హత ఉంది, ఆదాయం రీత్యా ఎంపిక కాలేదు అని ఉంది. ఆ అమ్మాయి ఒక లైను థాంక్స్ రాసింది.

దెబ్బ తగిలింది పెరంబూర్ అబ్బాయికి. పాత రూలైతే 93.5తో రెండో స్థానం అతనిదే. వాళ్ల నాన్న, రైల్వే ఉద్యోగి, అడ్రసు కనుక్కుని నా ఆఫీసుకే వచ్చారు. కోపంగా లేరు. అదే ఇంకా ఇబ్బంది.

"మావాడు నిజంగా ఆ దుబాయ్ అబ్బాయి కంటే తక్కువాండీ?"

"తక్కువ అని నేను రాయలేదండీ. ఎక్కువ అని చెప్పలేనన్నాను."

"ఏమోనండీ, రెండింటికీ తేడా నాకు తెలీట్లేదు. డబ్బైతే రాలేదు కదా."

నా దగ్గర జవాబు లేదు. అప్లికేషన్లు తీసుకున్నాక రూలు మార్చడం తప్పని, మార్చాలంటే మార్చి వచ్చే ఏటి నుంచి అమలు చెయ్యాలని అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. చెప్పాను గానీ గట్టిగా చెప్పలేదు. మార్కుల విషయంలో గెలిచిన ఉత్సాహంలో ఉన్నాను.

ఇక రెండేళ్ల ముందు సంగతి. 2022లో ఇదే ట్రస్టుకి పుదుచ్చేరిలో ఫ్రెంచ్ బాకలోరియా చేసిన యానాం అబ్బాయి అప్లికేషన్ పెట్టాడు. 20కి 14. నేను ఆ రోజు వేరే పని తొందరలో ఉండి, 20కి 14 అంటే 70 శాతం అని ఒక్క లైను రాసి పంపాను. 85 గీత కింద కాబట్టి ఫైలు మూసేశారు. ఫ్రాన్సులో 10 పాసు, 12కి 'ఫర్వాలేదు', 14కి 'బాగుంది', 16కి 'చాలా బాగుంది' అని సర్టిఫికెట్ మీదే రాసి ఇస్తారు. ఆ అబ్బాయి సర్టిఫికెట్ మీద ఫ్రెంచిలో 'బాగుంది' అన్న మాట ఉంది. నేను చదవగలను కూడా.

జర్మనీ కేసు ముగిశాక పాత ఫైలు తీయించి సెక్రటరీ గారికి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫోన్ నంబరుంది, నువ్వే మాట్లాడమ్మా" అన్నారు. యానాం ఫోన్ చేశాను, వాళ్ల నాన్న తీశారు. జరిగింది చెప్పి, ఇప్పుడైనా కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవచ్చన్నాను.

"మావోడిప్పుడు మూడో ఏడండీ, లోను తీసుకున్నాం" అన్నారాయన. "ఆ కాగితం మీద బాగుంది అని రాసుందని మాకూ తెలుసండి. మీరు 70 అన్నారని వాడు చాన్నాళ్లు బాధపడ్డాడు. ఒకసారి వాడితోనే చెప్పండి."

ఆ సాయంత్రం అతనికి ఫోన్ చేశాను.